కుక్కల పంతులమ్మ, కుక్కల బండి

ఇరవై ఏడేళ్ళ ఉద్యోగంలో నన్ను కుక్కలు పదకొండుసార్లు కరిచాయి. అందులో తొమ్మిదిసార్లు తప్పు నాది. ఒకసారి కుక్కది. మిగిలిన ఒక్కటీ ఎవరిదో ఇంకా తేలలేదు. ఆ కుక్కా నేనూ ఇద్దరం తొందరపడ్డాం.

ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు నాకు ఫోన్ చేసినప్పుడల్లా వాళ్ళ గొంతులో కాస్త భక్తి వినిపిస్తుంది. "మీరు కుక్కల మనసు చదువుతారట కదా ఆంటీ" అంటారు. నేను చదవను. వాటి ఒళ్ళు చూస్తాను. చెవులు ఎటున్నాయి, బరువు ఏ కాలి మీద ఉంది, తెరిచి ఉన్న నోరు ఎప్పుడు మూసుకుంది, అంతే. మనసు చదవడమే వస్తే నా చేతుల మీద ఇన్ని మచ్చలు ఎందుకుంటాయి?

నా పేరు సుభద్ర. పుట్టింది తెనాలి దగ్గర. అమెరికాకి పైనున్న చలిదేశంలో, సస్కటూన్ అనే ఊరి శివార్లలో కుక్కలకి శిక్షణ ఇచ్చాను. నిజానికి కుక్కల్ని పెంచేవాళ్ళకి ఇచ్చాను, కుక్కలు పక్కన కూర్చుని చూసేవి. కిందటేడు కుడి మోకాలు ఇక నావల్ల కాదని చెప్పడంతో పని మానేశాను. ఈ వృత్తి గురించి నాకు తెలిసిందంతా తప్పు చేశాక తెలిసిందే. మీరు అవే తప్పులు మళ్ళీ చెయ్యక్కర్లేదు, కొత్తవి చేసుకోండి.

మా ఇంటి పని

మా ఆయన రామకృష్ణ ఇక్కడి యూనివర్సిటీలో పప్పుధాన్యాల మీద పరిశోధన చేసేవారు. నాది బీకాం. వచ్చిన మొదటి చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చుని మంచు ఎప్పుడు కరుగుతుందా అని చూశాను. ఏప్రిల్ వచ్చినా కరగకపోయేసరికి, ఏదో ఒక ఉద్యోగం వెతుక్కోకపోతే పిచ్చెక్కేలా ఉందనిపించింది. ఒకరోజు మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేశారు.

"నోటీసు బోర్డు మీద చూశాను. కెన్నెల్ అసిస్టెంట్ కావాలంట. ఎక్స్‌పీరియన్స్ అక్కర్లేదంట. అప్లై చేస్తావా?"

మా నాన్న కృష్ణా కాలువల మీద లస్కరు. లాకులు ఎత్తడం, దించడం, గట్లు కాపలా కాయడం ఆయన పని. నాకు వినపడింది 'కెనాల్ అసిస్టెంట్' అని.

"అప్లై చెయ్యడమేంటండీ, అది మా ఇంటి పనేగా!" అన్నాను.

ఆ కెన్నెల్ యజమానురాలి పేరు డోరీన్. అరవై ఏళ్ళ రైతు మనిషి, అవసరమైతే తప్ప మాట్లాడదు. ఫోన్‌లోనే ఇంటర్వ్యూ చేసింది.

"ఈ పని ఎప్పుడైనా చేశావా?"

"మా నాన్న ముప్ఫై ఏళ్ళు చేశారు. చిన్నప్పటినుంచీ ఆయన వెనకాలే తిరిగాను."

"ఒకేసారి ఎన్నింటిని చూసుకునేవారు?"

"నాలుగు."

"పెద్దవా?"

"చాలా పెద్దవి. వానాకాలంలో ఇద్దరు పట్టుకుంటే గానీ లేచేవి కావు."

"సోమవారం రా" అంది.

సోమవారం మా ఆయన నన్ను కారులో దింపి వెళ్ళిపోయారు. పొలాల మధ్య ఒక పెద్ద రేకుల షెడ్డు. కాలువ కోసం నలుదిక్కులా చూశాను. షెడ్డు తలుపు తెరుచుకుంది, ముప్ఫై కుక్కలు ఒక్కసారిగా మొరిగాయి. కెన్నెల్ అంటే కుక్కల్ని ఉంచే చోటని అప్పుడు తెలిసింది. నాకు కుక్కలంటే ప్రాణభయం. వీధి చివర కుక్క పడుకుని ఉంటే రెండు వీధులు చుట్టి బడికి వెళ్ళిన మనిషిని. గోడకి అతుక్కుపోయి, ఏడుపు గొంతుతో కాలువలూ లాకులూ అంతా చెప్పేశాను. డోరీన్ నవ్వడం ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో మూడుసార్లే చూశాను. అది మొదటిసారి. నవ్వు ఆపుకోలేక కుక్కల తిండి బస్తా మీద కూర్చుండిపోయింది.

ఇంటికి పంపిస్తుందనుకున్నాను. ఒక బకెట్ తెచ్చి, ఒక కుక్క ఉన్న గదిలో బోర్లించి, దాని మీద నన్ను కూర్చోమంది. ఆ కుక్క పేరు డ్యూక్. జర్మన్ షెపర్డ్. నాకంటే బరువుందనిపించింది.

"నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకు. చాలామందికి అది రాదు." నా చేతిలో పాత పేపరు పెట్టింది. "వాడి వైపు చూడకు. పక్కకి తిరిగి కూర్చో. చదువుకో."

గోధుమ ధరల పేజీ నాలుగుసార్లు చదివాను. డ్యూక్ మూలనుంచి లేచి, రెండడుగులు వేసి, మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు. మళ్ళీ లేచాడు. నా బూట్లు వాసన చూశాడు. గంట గడిచాక నా మోకాలి మీద గడ్డం పెట్టి గట్టిగా ఊపిరి వదిలాడు. అప్పుడు తెలిసింది, ఆ గంటసేపూ వాడు కూడా నాకు భయపడుతూనే ఉన్నాడని.

మీకు మొదటి పాఠం ఇదే. భయపడే కుక్క దగ్గరికి చెయ్యి చాచుకుంటూ, "నిన్నేమీ చెయ్యనులే నాన్నా" అని ముద్దు చేసుకుంటూ వెళ్ళకండి. పక్కకి తిరిగి కూర్చుని దానికి టైమ్ ఇవ్వండి. కుక్కకి మనమే నాయకులమని చూపించాలి అనేవాళ్ళ మాట అసలు వినకండి. అలాంటివాళ్ళని వందమందిని చూశాను. వాళ్ళ మాట ఇంట్లో పిల్లలు కూడా వినరు.

లడ్డూ

ఎనిమిదేళ్ళు తిరిగేసరికి నాకు సొంత క్లాసులొచ్చాయి, గోడ మీదికి సర్టిఫికెట్లొచ్చాయి, తల మీదికి కొమ్ములూ వచ్చాయి. మొదట్లో మన తెలుగువాళ్ళు పూజలకి పిలిస్తే "చీర మార్చుకునే వస్తారుగా" అని మెల్లగా అడిగేవారు. పిల్లలు కుక్క కావాలని పోరు పెట్టడం మొదలయ్యాక నేను ఉన్నట్టుండి అందరికీ 'డాగ్ ఆంటీ'ని అయిపోయాను. ఆ పిలుపు నాకు బాగా తలకెక్కింది.

మాధవి, శ్రీకాంత్ అని ఒక జంట ఉండేవారు. అమెరికాలో కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసి, వీసాలతో విసిగి, శాశ్వతంగా ఉండిపోయే పీఆర్ తీసుకుని ఇక్కడికి వచ్చారు. ఆరేళ్ళ కొడుకు రిషి. మూడేళ్ళ లాబ్రడార్ లడ్డూ. ఒక ఆదివారం వాళ్ళింటికి భోజనానికి పిలిచారు.

"ఆంటీ, రిషి వెళ్ళి హగ్ చేసుకుంటుంటే లడ్డూ గుర్రుమంటున్నాడు. భయమేస్తోంది. కొంచెం ట్రైన్ చేసి పెట్టరా?" అంది మాధవి.

ఎప్పటినుంచి గుర్రుమంటున్నాడు? ఎక్కడ ముట్టుకుంటే? డాక్టరుకి చూపించారా? ఈ మూడూ అడగాలి. కానీ ఆ రోజు ఇంకో రెండు కుటుంబాలు కూడా భోజనానికి వచ్చి, చేతిలో ప్లేట్లతో నా చుట్టూ నిలబడ్డాయి. చూసేవాళ్ళు ఉంటే నాకు ప్రశ్నలు గుర్తురావు, జవాబులే వస్తాయి. లడ్డూ మెడకి బిగుతు పట్టీ వేశాను. గుర్రుమన్న ప్రతిసారీ పట్టీ గుంజి "నో" అనమని నేర్పాను. మూడు వారాల్లో లడ్డూ నోరు మూతపడింది. రిషి ఎంత గట్టిగా వాటేసుకున్నా చప్పుడు లేదు. మాధవి బొబ్బట్లు చేసి పంపింది.

"ఇంక భయం లేదమ్మా" అన్నాను.

రెండు నెలల తర్వాత హాస్పిటల్ నుంచి ఫోన్. లడ్డూ రిషి బుగ్గ కరిచాడు. నాలుగు కుట్లు పడ్డాయి. నేను వెళ్ళేసరికి పిల్లవాడు తండ్రి ఒళ్ళో పడుకుని ఉన్నాడు. మాధవి అరవలేదు. అరిస్తే బాగుండేది.

"గుర్రుమనలేదు ఆంటీ. అస్సలు సౌండ్ చెయ్యలేదు. మీరేగా ఇంక భయం లేదన్నారు?"

నిలబడ్డాను, కాసేపటికి కూర్చున్నాను, మళ్ళీ నిలబడ్డాను.

మర్నాడు డాక్టరు చూస్తే లడ్డూ రెండు చెవుల్లోనూ లోపలికంటా చీము. నెలల తరబడి ఉన్న నొప్పి. పిల్లవాడు మెడ చుట్టూ చేతులు వేసి వాటేసుకుంటే చెవులు నలిగిపోయేవి. అందుకు గుర్రుమనేవాడు.

డోరీన్‌కి చెప్పాను. తిడుతుందని ఎదురుచూశాను.

"ఆ కుక్క ముందే చెప్పింది సూబీ," అంది. సుభద్ర అనడం తనకి ఎన్నడూ రాలేదు. "మర్యాదగానే చెప్పింది. నువ్వు దాని నోరు నొక్కేశావు."

పిల్లలూ, ఇది రాసుకోండి. గుర్రుమనడం కుక్క మాట. దూరం జరగమని అడుగుతోంది. దాన్ని శిక్షించి ఆపడమంటే, పొగ అలారం మోగుతోందని బ్యాటరీ పీకేసి, ఇల్లు చల్లగా ఉందనుకోవడం. బాగా ఉన్న కుక్క కొత్తగా కోపగిస్తే ముందు డాక్టరు, ఆ తర్వాతే మనం. ఈ రెండు పాఠాలు నాకు ఒక పిల్లవాడి బుగ్గ ఖర్చుతో వచ్చాయి. నేను మాత్రం క్షేమంగా ఇంటికి వచ్చాను.

లడ్డూని ఇంజెక్షన్ ఇచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చాలని శ్రీకాంత్ నిర్ణయించాడు. అతన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. "నాకిచ్చెయ్యి బాబూ" అని అడిగాను. లడ్డూతో ఇంటికి వచ్చేసరికి, అప్పటిదాకా కుక్క తివాచీ ఎక్కితే ఒప్పుకోని మా ఆయన, తన ఉన్ని కోటు మడిచి హాలు మూల పరిచి ఉంచారు.

చెవులు నయమయ్యాయి. గొంతు రాలేదు. ఏది నచ్చకపోయినా లడ్డూ కొయ్యబారిపోయి చూసేవాడు, అంతే. నేను నేర్పినవాటిలో అంత చక్కగా నిలిచిపోయిన పాఠం ఇంకోటి లేదు. దాన్ని చెరపడానికి మూడేళ్ళు పట్టింది. వాడు బిగుసుకున్నప్పుడల్లా నేను వెనక్కి తగ్గడం, చెప్పకుండానే వినడం, అదే పని.

ఒక మధ్యాహ్నం మా ఆయన చారు గిన్నె పట్టుకుని వంటింట్లోంచి వస్తూ, తింటున్న లడ్డూ పక్కనుంచి వెళ్ళబోయారు. గదిలో ఎక్కడో మోటారు తిరిగినట్టు సన్నగా ఒక చప్పుడు.

"సుభద్రా, వీడు నన్ను తిడుతున్నాడే!"

"కదలకండి! ఎంత బాగుందో వినండి!"

"చెయ్యి కాలుతోందే!"

"రెండడుగులు వెనక్కి వెయ్యండి. మెల్లగా. వాడి మాట మనం విన్నామని వాడికి తెలియాలి."

ఆయన వెనక్కి వేశారు. చారు సగం చొక్కా మీద పడింది. లడ్డూ గుర్రుమనడం ఆపి అన్నం తిన్నాడు. నేను తలుపు పట్టుకుని ఏడ్చాను. ఆయన చొక్కా దులుపుకుంటూ, "పెళ్ళయ్యాక నేను ఏమన్నా నువ్వు ఇంత సంతోషపడలేదు" అన్నారు.

రిషి తనకి పదేళ్ళప్పుడు ఒకసారి లడ్డూని చూడటానికి వచ్చాడు. బుగ్గ మీద మచ్చ సన్నని గీతలా మిగిలింది. లడ్డూ పక్కన, పక్కకి తిరిగి కూర్చున్నాడు.

"ఇట్స్ ఓకే ఆంటీ. ఐ హగ్డ్ హిమ్ టూ హార్డ్."

"తప్పు నీది కాదు నాన్నా. నాది."

"ఐ నో. మామ్ టోల్డ్ మీ."

పండక్కి వెళ్ళేవాళ్ళు

నాకు నలభై తొమ్మిదేళ్ళప్పుడు నది ఒడ్డున చలికాలపు సంబరాలు జరుగుతున్నాయి. నా విద్యార్థుల్లో ఉత్తమమైన ఎనిమిది కుక్కల్ని వరసగా కూర్చోబెట్టి, యజమానుల్ని దూరంగా నిలబెట్టి, 'కదలకుండా కూర్చోవడం' ప్రదర్శిస్తున్నాను. మైకు నా చేతిలోనే ఉంది. "చూడండి, ప్రపంచం తలకిందులైనా ఇవి కదలవు" అంటుండగా మా పక్కనుంచి మంచు బండి లాగుతూ ఆరు కుక్కలు దూసుకుపోయాయి. నా ఎనిమిదీ వాటి వెనకే పోయాయి. జనం చప్పట్లు కొట్టారు.

అందరూ కుక్కల్ని పట్టుకురావడానికి పరిగెత్తారు. నేను బండి పోయిన దారి చూస్తూ నిలబడిపోయాను. ఆ ఆరు కుక్కలు ఎవరి మాటా వింటున్నట్టు లేదు. వాటికి ఏం కావాలో అవి చేస్తున్నాయి, వెనక మనిషికీ అదే కావాలి. పదిహేనేళ్ళుగా ఆ రెండింటినీ కలపలేక చస్తున్నదాన్ని నేను.

ఇంటికి వచ్చి, నాకూ కుక్కల బండి నడపాలని ఉందన్నాను.

"ముందు సైకిలు నేర్చుకోకూడదూ?" అన్నారు మా ఆయన. ఆయన మాటలో న్యాయముంది. నాకు సైకిలు రాదు. డ్రైవింగ్ టెస్టు నాలుగోసారికి పాసయ్యాను.

లా రోంజ్ దగ్గర ఆల్బర్ట్ అనే ఆయన నేర్పుతారని తెలిసింది. మా ఊరినుంచి ఉత్తరానికి నాలుగు గంటల ప్రయాణం. డెబ్బై దగ్గరపడిన, క్రీ అనే ఇక్కడి ఆదివాసీ జాతి మనిషి. బండి కుక్కల మధ్యే పుట్టి పెరిగారు. మొదటిరోజు నేను నడుముకి బిస్కట్ల సంచీ కట్టుకుని, చేతిలో క్లిక్కర్ పట్టుకుని దిగాను. మంచిపని చేస్తే టిక్కుమని నొక్కి బిస్కట్ ఇవ్వడానికి వాడే చిన్న డబ్బా అది. తాళ్ళు కట్టిన కుక్కలు ఎగిరెగిరి అరుస్తున్నాయి. ఒకదాని ముందు బిస్కట్ పెట్టాను. ఉమ్మేసింది.

"ఏం చేస్తున్నావు?" అన్నారు ఆల్బర్ట్.

"మంచి ప్రవర్తనకి బహుమతి."

"అవి పండక్కి వెళ్తున్నాయి. నువ్వు జీతం ఇస్తానంటున్నావు."

సంచీ విప్పి కారులో పెట్టేశాను.

కుడికి తిప్పాలంటే 'జీ' అనాలి, ఎడమకి 'హా' అనాలి. స్కూల్లో హిందీ చదివిన నోరు, ఆల్బర్ట్ ఏదైనా అడిగితే కంగారులో "జీ హా" అనేది. కుక్కలు కుడికి వెళ్ళబోయి ఎడమకి తిరిగి, తాళ్ళు చిక్కుపడి, ఆగి, నా వైపు చూసేవి. వాటికి హిందీ రాదని నాకు, నాకు బుద్ధి లేదని వాటికి అర్థం కావడానికి రెండు చలికాలాలు పట్టింది.

ఆల్బర్ట్ చెప్పిన నియమం ఒక్కటే. "ఏం జరిగినా సరే, బండి వదలకు. పడిపో, ఈడ్చుకుపోనీ, మంచు తిను. వదలకు."

మూడో చలికాలంలో మొదటిసారి నాలుగు కుక్కలతో ఒంటరిగా పంపారు. బయల్దేరే ముందు చెవులు పగిలేలా అరుస్తాయి. బండిని ఆపి ఉంచడానికి మంచులో గుచ్చిన కొక్కెం పీకగానే ఒక్కసారిగా నిశ్శబ్దం. మంచు మీద బండి గీసుకుపోయే చప్పుడు, కుక్కల ఊపిరి, అంతే. నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోబోయాను. మలుపులో బండి వాలింది. వదిలేశాను.

లేచేసరికి ఖాళీ బండితో నాలుగూ చెట్ల మధ్య మాయమయ్యాయి. తాడు చిక్కుకుంటే మెడ బిగుసుకుపోతుంది. రోడ్డెక్కితే ట్రక్కులు. నడుం లోతు మంచులో పడుతూ లేస్తూ, నాకొచ్చిన అన్ని భాషల్లో పిలుస్తూ నడిచాను. గంటకి పైగా పట్టింది. ఒక చెట్టుకి బండి అడ్డం తిరిగి ఆగింది. వెతుక్కుంటూ బయల్దేరిన ఆల్బర్ట్, స్నోమొబైల్ అనే మంచు మోటారుబండి మీద నాకంటే ముందే చేరుకున్నారు. ఒక కుక్క వెనక కాలికి తాడు చుట్టుకుని రక్తం వస్తోంది. ఆయన చేతితొడుగులు తీసేసి ఆ చలిలో వట్టి వేళ్ళతో తాడు విప్పుతున్నారు. నరానికి తగల్లేదు. పది రోజుల్లో మానింది. కానీ ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు.

గుడిసెకి వచ్చాక టీ కాచి ఇచ్చారు.

"చేతులు బాగున్నాయా?"

"బాగున్నాయి."

"అయితే ఎందుకు వదిలావు?"

సర్టిఫికెట్లన్నీ ఇచ్చేసి ఆ ప్రశ్న తెచ్చుకుని గోడకి తగిలించుకుందామనిపించింది.

చప్పట్లు అయిపోయాక

మేము ఊరి బయట కొంచెం స్థలమున్న ఇంటికి మారాం. ఇతరులు వద్దనుకున్న కుక్కలు ఒక్కొక్కటే చేరాయి. వాటిలో రెండు ముఖ్యం. ఒకటి బ్రూనో, ఎద్దులాంటివాడు, బండికి దగ్గరగా కట్టేవాళ్ళం. రెండోది టిల్లీ. బక్కగా, మట్టిరంగులో, చూడటానికి ఏమీ ఉండదు. తన జట్టు వేగానికి చాలడంలేదని ఆల్బర్ట్ నాకిచ్చారు. అప్పటికి దానికి ఐదేళ్ళు. అన్నిటికంటే ముందు నడిచి దారి చూపడం దాని పని.

నాకు యాభై నాలుగేళ్ళప్పుడు పక్క జిల్లాలో జరిగే చిన్న పందెంలో పేరిచ్చాను. నాలుగు కుక్కలు, పది మైళ్ళు. మాధవితో సహా మనవాళ్ళు ఓ పదిమంది చూడటానికి వచ్చారు. ఎవరో పులిహోర తెచ్చారు. మైనస్ ఇరవైలో అది ఇటుకలా గడ్డకట్టింది.

సగం దారి దాకా మేము మూడో స్థానంలో ఉన్నాం. ఇంట్లో ఎక్కడ ఫోటో పెట్టాలో కూడా ఆలోచించేశాను. అప్పుడు టిల్లీ ఆగింది. ముందుకి పదమన్నాను. కదల్లేదు. బతిమాలాను, గద్దించాను. వెనక్కి తిరిగి నా వైపు కాకుండా బ్రూనో వైపు చూసింది. ఒక బండి మమ్మల్ని దాటిపోయింది. ఇంకోటి దాటింది. కొక్కెం గుచ్చి, తిట్టుకుంటూ దిగి వెళ్ళాను. బ్రూనో నిలబడ్డాడు, తోక కూడా ఊపాడు. ముందు కుడి భుజం మీద చెయ్యి వేస్తే వణుకుతోంది. ఎప్పుడు బెణికిందో తెలియదు. నొప్పి ఉన్నా లాగుతూనే ఉన్నాడు వెధవ. పందెం మోజులో నేను చూడలేదు. ముందు పరిగెడుతున్న టిల్లీకి తాడు లాగుడులో తేడా తెలిసింది.

బ్రూనోని ఎత్తి బండిలో పడుకోబెట్టాను. ముప్ఫై కిలోలు. మూడు కుక్కలు లాగుతుంటే, ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి వెనకనుంచి తోస్తూ మిగిలిన ఐదు మైళ్ళూ వచ్చాను. చేరేసరికి బ్యానర్ విప్పేశారు. టైమ్ రాసుకునే ఆవిడ కుర్చీ మడుస్తూ "నువ్వు కూడా ఉన్నావా?" అంది. మనవాళ్ళు మాత్రం ఉన్నారు. మాధవి పరిగెత్తుకొచ్చి బండిలోకి చూసింది.

"ఏమైంది ఆంటీ?"

"భుజం బెణికింది. టిల్లీ ఆగింది కాబట్టి తెలిసింది."

మాధవి బ్రూనో వైపు, నా వైపు చూసింది. తన మెడలోని ఉన్ని శాలువా తీసి వాడి మీద కప్పి, కారుదాకా బండికి ఒక పక్క పట్టుకుని నడిచింది. హాస్పిటల్లో కలిసిన రోజు తర్వాత ఆమె నాతో అంత దగ్గరగా నడవడం అదే మొదటిసారి.

అది నా మొదటి పందెం. ఆఖరిదీ అదే. పాల్గొన్నవాళ్ళు పద్నాలుగు మంది, నాది పద్నాలుగో స్థానం.

టిల్లీ

ముసలి కుక్కని ఎప్పుడు పని మానిపించాలో వందల కుటుంబాలకి చెప్పాను. చాలా స్పష్టంగా, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి చెప్పేదాన్ని. సొంత కుక్క దగ్గరకొచ్చేసరికి ఆ మాటలన్నీ ఎవరో వేరే మనిషి మాటల్లా అనిపించాయి.

టిల్లీకి పదమూడేళ్ళు వచ్చాయి. నడుం వంగింది, చూపు మందగించింది. డాక్టరు ఇంక లాగనివ్వద్దన్నారు. మిగతావాటికి పట్టీలు వేస్తుంటే అది కంచె దగ్గర నిలబడి గొంతెత్తి ఏడ్చేది. ఇంట్లో ఉంచితే తలుపు గీకేది. నేను దానికి బొమ్మలిచ్చాను, ఎముకలిచ్చాను, క్లాసులో చెప్పే ఉపాయాలన్నీ వాడాను. ఒకరోజు మా ఆయన చెవులు మూసుకుని, "అది ఏమంటోందో నీకు అర్థం కావట్లేదా, అర్థమయ్యి వినట్లేదా?" అని అడిగారు.

కిందటి చలికాలం, పని మానేసిన కొత్తలో, ఒక ఎండ కాస్తున్న ఉదయం మిగతా కుక్కల్ని లోపలే ఉంచి టిల్లీ ఒక్కదానికే పట్టీ వేశాను. నిలబడలేనిది కాస్తా వణికిపోతూ తల పైకెత్తింది. పిల్లలు ఆడుకునే చిన్న మంచు బండి కట్టి, పక్కనే నడిచాను. మా వాకిలి పొడుగునా లాగింది. గేటు దాటాక పది అడుగులు వేసి, ఆగి, మెల్లగా కూర్చుంది. తర్వాత పడుకుంది. తల మాత్రం దారివైపే పెట్టింది.

ఇంటికి ఎత్తుకుపోదామని వంగాను. గుర్రుమంది. ఎనిమిదేళ్ళలో అది నన్ను ఒక్కమాట అనలేదు.

కాసేపు దాని పక్కన మంచులో కూర్చున్నాను. తర్వాత పట్టీ విప్పి, దాన్ని జాగ్రత్తగా బండిలోకి ఎక్కించాను. ఈసారి ఏమీ అనలేదు. తాడు నా నడుముకి కట్టుకున్నాను. మోకాలు మొదటి అడుగుకే కలుక్కుమంది. నా వయసుకీ, నా ఎత్తుకీ, ఆ దృశ్యం ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. పక్క పొలం ఆయన పికప్ ఆపి, అద్దం దించి, రెండు నిమిషాలు చూసి, ఏమీ అడక్కుండా అద్దం ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

దారి చీలిన చోట ఆగి వెనక్కి చూశాను. ఎడమకి తిరిగితే ఇల్లు దగ్గర. కుడికి వెళ్తే పొలం చుట్టూ మైలున్నర. టిల్లీ ముక్కు ఎత్తి గాలి పీల్చి, తల కుడివైపు తిప్పింది.

కుడికి లాగాను.